పడ్డాననుకునే బండి

బండి నిలబడే ఉంది. పెద్ద స్టాండు వేసి, ముందు చక్రం తిన్నగా పెట్టి తాళం తిప్పితే మొదటి నొక్కుకే ఇంజను అందుకుంది, అందుకుని ఒకే ఊపులో తిరుగుతోంది, పొద్దుటి నుంచీ ఇదే వరస, షెడ్డులో ఉన్నంతసేపూ ఇంతటి బుద్ధిమంతురాలు లేదు, రోడ్డెక్కి ఎడమకి వాలిందంటే మాత్రం చడీచప్పుడూ లేకుండా ఆగిపోతుందట. మేస్త్రి ముక్కాలిపీట మీద కూర్చుని కుడి చెవి ఇంజను వైపు పెట్టి వింటున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఎడమ చెవే పెట్టేవాడు, ఎడమ చెవితో వింటే వెంట్రుకవాసి తేడా కూడా చెప్పగలనని అతనికి గర్వం, మూడు నెలలుగా తల అటు వంచడం మానేశాడు కాబట్టి ఇప్పుడు కుడి చెవికి ప్రమోషను వచ్చింది. గోడ మీద గడియారం మూడు దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది. నర్సమ్మ నాలుగింటికి వస్తానంది.

పొద్దున బండిని తోసుకుంటూ వచ్చింది నర్సమ్మ. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చి, సూదులు వేసి వచ్చే ఉద్యోగం ఆమెది, మందుల పెట్టె వెనక సీటుకి పట్టీలతో బిగించి ఉంటుంది, ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ఇవాళ నవ్వలేదు. "ఎడమకి తిప్పినప్పుడే అన్నా. కుడికి ఎంత వాల్చినా ఏం కాదు. ఇవాళ సరిగ్గా మలుపులో ఆగిపోయింది, వెనకాల బస్సు. ఆ డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి ఇలా నిలబడి మాట్లాడుతున్నాను," అంది, మంచినీళ్ళడిగి తాగింది. తాగాక, "మీరు సర్వీసు చేశాక ఇంకెవ్వరూ దీని మీద చెయ్యి వెయ్యలేదన్నా, నేను వెయ్యనివ్వను కూడా," అంది. ఆమె నమ్మకంతోనే అంది ఆ మాట. మేస్త్రికి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది, ఎక్కడ గుచ్చుకుందో వెతకబోయి, ముందు పని చూద్దాంలే అని దాన్ని అవతలికి నెట్టాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "సాయంత్రం నలుగురు పేషెంట్లున్నారు. దొరక్కపోతే ఆ సెన్సారేదో డైరెక్ట్ చేసేయండి, అందరూ చేయించుకుంటున్నారుగా," అంది.

డైరెక్ట్ అంటే రెండు నిమిషాల పని. సెన్సారుకి వెళ్ళే వైర్లు కోసి, ఒకదానికొకటి మెలేసి, టేపు చుట్టేయడం, ఇక ఆ సెన్సారు ఏం మొత్తుకున్నా ఇంజనుకి వినపడదు. స్టాండు తీయకుండా గేరు వేస్తే ఇంజనుని ఆపేది ఒక సెన్సారు, బండి పక్కకి పడితే ఆపేది ఇంకోటి, రెండూ మనిషి ప్రాణం కోసం పెట్టినవే, రెండూ ఎప్పుడో ఒకప్పుడు విసిగించేవే. పడిన బండి కింద కాలు ఇరుక్కుని, వెనక చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటే ఏమవుతుందో మేస్త్రి పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి చూశాడు, చూసింది ఇంట్లో కూడా చెప్పలేదు, అప్పట్నుంచీ అతని షెడ్డులో డైరెక్ట్ అనే మాట లేదు. అడిగినవాళ్ళని కూర్చోబెట్టి, "అది నిజం చెబుతుంటే గొంతు నొక్కమంటావేం నాయనా," అంటాడు. విన్నవాళ్ళు సగం మంది పక్క వీధికి పోయి చేయించుకుంటారు, పక్క వీధి మెకానిక్కులేమో, వాడికి తలతిరుగుడు ఎక్కువ అని చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా లోపల్లోపల మురిసిపోయేవాడు. తీరా మూడు నెలల కిందట ఒక పొద్దున, ఎవరో పైనుంచి తథాస్తు అన్నట్టు, నిజంగానే తల తిరిగింది.

నిద్ర లేస్తూ ఎడమ పక్కకి ఒత్తిగిలాడు, అంతే చేసిన నేరం. కిటికీ పక్కకి జారిపోయింది, జారిన కిటికీ మళ్ళీ మొదటి చోటి నుంచే జారింది, మళ్ళీ, మళ్ళీ, గోడా బీరువా భార్య చీరలు ఆరేసిన తాడూ అన్నీ దాని వెంట, మంచం పక్కకి ఒరిగి తనని నేల మీద పోసేస్తోందనిపించి రెండు చేతులా పరుపు అంచు పట్టుకున్నాడు, పట్టుకున్న చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. అరనిమిషం ఉందేమో. అరనిమిషంలో బనీను తడిసిపోయింది. వంటింట్లోంచి, "ఇంకా లేవలేదేంటండీ?" అంది ఆవిడ. "లేస్తున్నా," అన్నాడు. ఆ పూటే చెప్పేస్తే అయిపోయేది, చెప్పలేదు కాబట్టి రెండో రోజు చెప్పడం కష్టమైంది, పదో రోజుకి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాల్సిన పరిస్థితి వచ్చింది, మూడు నెలలకి అది కొండంతయింది.

ఇంజను కట్టేశాడు. వరసగా చూద్దాం. ఎడమకి తిప్పితే ఆగుతోందంటే మొదటి అనుమానం హ్యాండిలు మెడ దగ్గర వైర్ల మీద, తిప్పి తిప్పి ఎక్కడో ఒక వైరు లోపల తెగి, హ్యాండిలు ఎడమకి లాగినప్పుడు విడిపోయి, తిన్నగా పెట్టగానే అతుక్కుంటుంది, ఇలాంటివి వంద చూశాడు. మళ్ళీ స్టార్టు చేసి హ్యాండిలు ఎడమకి ఆ చివరిదాకా తిప్పాడు, వైర్ల కట్టని పట్టుకుని లాగాడు, నులిమాడు, కుదిపాడు, ఇంజను చెక్కుచెదరలేదు. హ్యాండిలు తిప్పినప్పుడు తల మాత్రం తిప్పలేదు, కళ్ళు ఒక్కటే తిప్పాడు, మూడు నెలల్లో అబ్బిన విద్య ఇది, ఎవరైనా ఎడమ నుంచి పిలిస్తే మెడ తిప్పకుండా మనిషినంతా తిప్పి నిలబడతాడు, చూసేవాళ్ళకి గౌరవంగా నిలబడ్డట్టుంటుంది. పెద్దమనిషి తరహా వచ్చిందయ్యా నీకు అని మొన్న ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

షెడ్డుకీ ముందున్న స్పేర్‌పార్టుల కొట్టుకీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. దాని అవతల ఆవిడ ఎవరికో బ్రేకు షూలు చూపిస్తోంది, ఇది మీ బండికి పట్టదండీ, నంబరు చెప్పండి, అంటోంది. పెళ్ళయిన కొత్తలో వాల్వుకీ వైజరుకీ తేడా తెలియని మనిషి, ఇప్పుడు డబ్బా తెరవకుండా బరువు చూసి లోపల ఏ సామానో చెప్పేస్తుంది. ఈ మధ్య ఆవిడ మంచం మీద చోటు కూడా మార్చుకుంది, అటు ఫ్యాను గాలి సరిగా తగలడం లేదని, పాతికేళ్ళుగా ఎడమవైపు పడుకున్న మనిషి ఇప్పుడు కుడివైపు. ఫ్యాను ఎప్పుడూ ఉన్నచోటే ఉంది, గాలికేమొచ్చిందో ఏమో, ఆడవాళ్ళ వేడి వేరు అనుకుని ఊరుకున్నాడు. ఇంకోసారి కొట్టులోంచే అడిగింది, "ట్రయల్‌కి వెళ్తే ఎప్పుడూ ఇటు వెళ్ళి అటు నుంచే వస్తారేం?" అని. "అటు గుంతలు," అన్నాడు. ఆవిడ వీధి వైపొకసారి చూసి ఊరుకుంది.

గుంతలూ లేవు, ఏమీ లేవు. షెడ్డు దాటి కుడికి, మళ్ళీ కుడికి, మళ్ళీ కుడికి, మళ్ళీ కుడికి తిరిగితే షెడ్డే వస్తుంది, మూడు నెలలుగా ఏ బండి ట్రయలైనా ఈ నాలుగు కుడి మలుపులే. ఎడమకి ఒక్కసారి వాల్చాడు, మొదట్లో, రోడ్డు ఒక చాపని ఎవరో లాగినట్టు కాళ్ళ కింద నుంచి పోయింది, ఎలా ఆపాడో కాలు ఎలా ఆనించాడో తెలియదు, దారినపోయే ఒకాయన ఏమయ్యా పొద్దున్నే అన్నాడు, తాగాడనుకుని. ఆ మరునాడే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, ఇంట్లో సామాను తేవడానికని చెప్పి. డాక్టరమ్మ చిన్నది, నిమ్మళంగా మాట్లాడింది. "చెవి లోపల సన్న ఇసుకలాంటిది ఉంటుందండీ, మీరు నిలబడ్డారో ఒరిగారో మెదడుకి చెప్పేది అదే. అది కాస్త చోటు తప్పింది. మీరు బాగానే నిలబడి ఉంటారు, చెవి మాత్రం పడిపోతున్నావని చెబుతుంది." బల్ల మీద పడుకోబెట్టి, తల ఎడమకి తిప్పి, ఆ ఇసుకని మెల్లిగా దాని చోటికి జరుపుతానంది, మూడుసార్లు వస్తే చాలంది. తిప్పగానే గది లేచింది. మేస్త్రి చేతికందింది పట్టుకున్నాడు, అందింది డాక్టరమ్మ తెల్లకోటు, దాని గుండీ ఒకటి ఊడి అతని చేతిలోకే వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఎన్ని వేల బోల్టులు ఊడదీసినవాడు, ఒక ఆడపిల్ల కోటు గుండీ పట్టుకుని బల్ల మీద పసిపిల్లాడిలా మూలుగుతూ పడుకున్నాడు, ఆ సిగ్గుకి మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఏం చేస్తుంటారని ఆమె అడిగితే కొట్టుందని చెప్పాడు, అది అబద్ధం కాదు, కొట్టు ఉన్నమాట నిజమే. "ఈ మాత్రలు మరీ భరించలేనప్పుడే. ఇవి జబ్బుకి కాదు, తిరుగుతున్నట్టు మీకు తెలియకుండా చేస్తాయి, అంతే. వేసుకుంటే బండి మాత్రం నడపకండి," అంది. అలాగేనమ్మా అన్నాడు. ఎడమ చెవి దగ్గరే చెప్పింది పాపం, అతను పెడచెవిన పెట్టాడు.

స్టాండు దగ్గరి స్విచ్చు చూశాడు, బురద పట్టి ఉంటే తుడిచి, చేత్తో పదిసార్లు నొక్కి వదిలాడు, అది తన పని తాను బాగానే చేస్తోంది. బ్యాటరీ తలలు గట్టిగానే ఉన్నాయి. మూడూ ఇరవై. ఇక మిగిలింది సీటు కింది టిల్టు సెన్సారు, బండి పక్కకి పడితే ఇంజనుని ఆపేది. ఎడమకి వాలితేనే ఆగుతోంది అని నర్సమ్మ నోట వినగానే తోచింది అదే, పొద్దుటి నుంచీ తెలుసు, తెలిసే హ్యాండిలు వైర్లూ స్టాండు స్విచ్చూ అంటూ చుట్టూ తిరుగుతున్నాడు. సీటు తీశాక అది కనపడాలంటే ఎడమవైపు నుంచి కిందికి వంగి, వైర్ల కట్ట పక్కకి జరిపి, తల ఎడమకి వాల్చి చూడాలి. ఆ వాల్చడం ఒక్కటే అడ్డం.

నాన్న కూడా ఇలాగే చుట్టూ తిరిగేవాడు. నాన్న గోడల మీద నిలువెత్తు అక్షరాలు రాసే పెయింటరు, నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో కుంచె, మోకాలు ఒక్కటే నిచ్చెనకి ఆనించి, ఒక్క గీత వంకర పోకుండా రాసేవాడు, కింద నిలబడి చూస్తుంటే మెడలు నొప్పి పుట్టేవి. ఒకరోజు సగం రాసిన అక్షరం మధ్యలో వదిలేసి దిగొచ్చాడు. మళ్ళీ ఎక్కలేదు. నిచ్చెన కింద కూర్చుని రంగులు కలిపేవాడు, పైన రాసే మనిషికి, ఆ తలకట్టు ఇంకాస్త పైకి, ఆ దీర్ఘం చాలదు, అని చెప్పేవాడు, ఎక్కవేం నాన్నా అంటే మోకాళ్ళు అనేవాడు, ఎండ అనేవాడు, ఇంకా రంగు కలపాలిగా అనేవాడు. అన్నం తింటూ ఒకసారి కంచం వైపే చూస్తూ, "నేల ఎక్కడుందో తెలియట్లేదురా," అన్నాడు. మామయ్య పక్కనే ఉన్నాడు, బావకి కాళ్ళు నేల మీద నిలవట్లేదట అన్నాడు, అందరూ నవ్వారు, అమ్మ నవ్వింది, పంతొమ్మిదేళ్ళ తను కూడా నవ్వాడు, నవ్వి, నాన్నకి బద్ధకం వచ్చింది అని కూడా అన్నాడు. నాన్న కంచం అంచు ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని తింటూ ఉండేవాడు, ఎందుకు పట్టుకునేవాడో ఇన్నేళ్ళకి ఈ పీట మీద కూర్చుంటే తెలుస్తోంది. ఇప్పుడు తెలిసి ఎవరికి చెప్పాలి. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు, చేతికున్న గ్రీజు కంటికింద పూసుకుంది.

పీట అవతలికి తోసి నేల మీద చతికిలబడ్డాడు. నేల మీద కూర్చున్నవాడు పడడానికి ఇంకేం చోటుంటుందిలే. సీటు తాళం తిప్పి ఎత్తి పక్కన పెట్టాడు, ఎడం చేత్తో కాలు పెట్టుకునే రాడ్డుని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తల వాల్చాడు. వచ్చింది. చక్రం ఊచలు, గోడ, తగిలించిన పానాలు అన్నీ వరసగా జారాయి, మళ్ళీ జారాయి, రాడ్డుని వదలకుండా లెక్కపెట్టాడు, పది, పదిహేను, ఇరవై, ముప్పై దగ్గర జారడం నెమ్మదించింది, నలభైకి పానాలు ఏ మేకుది ఆ మేకుకి వచ్చి నిలబడ్డాయి. తల ఎత్తలేదు. కష్టపడి కొనుక్కున్న చూపు, వృథా చేయకూడదని టార్చి వేసి లోపలికి చూశాడు.

అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా అది, పై అంచు ఎటో చెప్పే బాణం గుర్తు ఒకటి మీద ఉంటుంది, రెండు పక్కలా రెండు రబ్బరు బుష్‌లు, రెండు బోల్టులు. కుడి బోల్టు ఉంది. ఎడమ బోల్టు లేదు. వేలితో తాకితే ఒక మేకుకే వేలాడే ఫోటోలాగా ఊగింది. అంటే షెడ్డులో బండి నిలబడి ఉన్నంతసేపూ తిన్నగా వేలాడుతుంది, కుడికి వాలినా వైర్ల కట్ట అడ్డం ఉంది కాబట్టి కదలదు, ఎడమకి వాలి చిన్న కుదుపు వచ్చిందంటే గిర్రున ఒరిగిపోతుంది, ఒరిగి, పడిపోయాం పడిపోయాం అని ఇంజనుకి చెబుతుంది, ఇంజను నమ్మి ఆగిపోతుంది. సెన్సారు విప్పి బయటికి తీసి, మీటరు పెట్టి కూడా చూశాడు, నిలువుగా పట్టుకుంటే అర వోల్టు, పక్కకి ఒంపితే నాలుగు, మళ్ళీ నిలువుగా పెడితే మళ్ళీ అర. దీనికి ఏ జబ్బూ లేదు. దీన్ని కూర్చోబెట్టినవాడిదే తప్పు.

కూర్చోబెట్టింది మూడు వారాల కిందట సర్వీసులో. దుమ్ము తుడవడానికి దాన్ని తీశాడు, మళ్ళీ పెట్టి కుడి బోల్టు బిగించాడు, రెండోది వేళ్ళ మధ్య పట్టుకుని వంగాడు, అప్పుడొచ్చింది తిరుగుడు, మామూలు కంటే పెద్దది. బోల్టు ఎక్కడో పెట్టి లేచి పీట మీద కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, ఆవిడ కిటికీలోంచి ఏదో సామాను ఎక్కడుందని అడిగితే చెప్పాడు, తిరిగొచ్చి చూస్తే అన్నీ సర్ది ఉన్నట్టే అనిపించింది, సీటు వేసేశాడు. తరవాత ట్రయల్ కొట్టాడు. కుడికి, కుడికి, కుడికి, కుడికి. ఎడమకి ఒక్కసారి, ఒకే ఒక్కసారి తిప్పి ఉంటే బండి అక్కడే చెప్పేసేది. తిప్పలేదు. "బ్రహ్మాండంగా ఉందమ్మా," అని తాళం నర్సమ్మ చేతిలో పెట్టాడు. ఆమె మూడు వారాలుగా ఆ బండి మీద ఇంటింటికీ తిరిగింది, ఇవాళ బస్సు డ్రైవరెవరో మంచివాడు కాబట్టి మిగిలింది. పొద్దున గుచ్చుకున్నది ఏమిటో ఇప్పుడు స్పష్టంగా తెలిసింది.

మెల్లిగా లేచి పనిబల్ల దగ్గరికి నడిచాడు. ఎక్కడ పెట్టి ఉంటాడో చేతికి గుర్తుంది. గ్రీజు డబ్బా మూతలో, ఆరిన గ్రీజులో కూరుకుని, బోల్టూ దాని వాషరూ అలాగే ఉన్నాయి. మూడు వారాలుగా రోజూ ఆ మూత తీసి పెడుతూనే ఉన్నాడు. గుడ్డతో తుడిచి అరచేతిలో పెట్టుకుంటే చిటికెన వేలి గోరంత లేదు.

మూడూ ముప్పై ఎనిమిది. ఇంకా టైముంది. బిగించేస్తే ఎవరికి తెలుస్తుంది, సెన్సారులో ఏదో లూజమ్మా, సరిచేశాను, అంటే నర్సమ్మ థాంక్స్ అన్నా అంటుంది, నమ్మే మనిషికి అబద్ధం చెప్పడం అంత తేలిక ఇంకోటి లేదు. మళ్ళీ నేల మీద కూర్చుని, వంగి, సెన్సారుని దాని చోట పెట్టి రెండు బోల్టులూ బిగించాడు, రెండోసారి పానా వేసి చూశాడు, మూడోసారి చూశాడు. ఇక ట్రయల్. ఎడమకి తిప్పి చూడకుండా ఈ బండి ఇవ్వడానికి వీల్లేదు. చొక్కా జేబులో మాత్రల పట్టీ ఉంది, ఒకటి వేసుకుంటే ఇరవై నిమిషాల్లో మబ్బుగా ఉంటుంది, తిరిగినా తెలియదు, ఎడమకి వాల్చి రావచ్చు. ఒకటి నొక్కి అరచేతిలో వేసుకున్నాడు. ఇందాక బోల్టు ఉన్న చోటే ఉంది మాత్ర, ఇంచుమించు అంతే ఉంది. తిరుగుతున్నట్టు మీకు తెలియకుండా చేస్తాయి, అంతే, అంది డాక్టరమ్మ. వైర్లు కోసి, మెలేసి, టేపు చుట్టేయడం. సెన్సారు మొత్తుకుంటూనే ఉంటుంది, వినపడదు. ఊళ్ళో అందరికీ వద్దని చెప్పే మనిషి మూడు నెలలుగా తనకి తనే డైరెక్ట్ చేసుకుంటున్నాడు. మేస్త్రికి నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే భయం వేసింది, ఇన్నాళ్ళూ వేయాల్సిన భయమంతా ఒక్కసారే. మాత్రని గ్రీజు డబ్బా మూతలో పెట్టి మూత పెట్టేశాడు.

నర్సమ్మ పది నిమిషాలు ముందే వచ్చింది. "దొరికిందా అన్నా?" అంది. దొరికిందమ్మా అన్నాడు. ఆ తరవాత గుడ్డతో శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ తుడిచాడు, కిటికీ అవతల ఆవిడ డబ్బాలు సర్దుతున్న చప్పుడు ఆగింది, ఆగిందని తెలిసీ చెప్పాడు. "సెన్సారుకేం కాలేదు. దాని బోల్టు ఒకటి నేనే బిగించలేదు, సర్వీసు రోజున. వంగితే నాకు కళ్ళు తిరుగుతున్నాయి, మూడు నెలలుగా. ఆ రోజు మధ్యలో లేచాను, మర్చిపోయాను. ట్రయల్లో ఎడమకి తిప్పి చూడలేదు, తిప్పలేను కాబట్టి. ఇవాళ నువ్వు పడబోయింది నా వల్లేనమ్మా."

నర్సమ్మ బండి పక్కన వంగి, తల అటు వాల్చి, ఎంత హాయిగా వాల్చిందో, టార్చి అడిగి తీసుకుని రెండు బోల్టులూ చూసింది, వేలితో కదిపి చూసింది. లేచి నిలబడ్డాక ఆమె మొహంలో కోపం ఉంది, దాచుకోలేదు. "మా దగ్గర కొన్ని సూదిమందులు ఇద్దరం చూస్తే గానీ వెయ్యనివ్వరన్నా. నేను నింపుతాను, ఇంకొకరు సీసా చదువుతారు. నామీద నమ్మకం లేక కాదు," అంది. "రేపట్నుంచి మీరు బిగించాక ఇంకొకరు చూడాలి." చూస్తారమ్మా అన్నాడు మేస్త్రి. "సరే, ఇప్పుడు ట్రయల్ ఎవరు కొడతారు?" అంది నర్సమ్మ.

మేస్త్రి సీటు వేసి, మనిషినంతా తిప్పి కిటికీ వైపు తిరిగాడు. ఆవిడ అక్కడే నిలబడి ఉంది. "ఇదిగో," అన్నాడు, "నువ్వొకసారి కొట్టిరా. ఎడమకి తిప్పి చూడాలి." ఆవిడ ఎందుకని అడగలేదు, కొట్టు తలుపు దగ్గరగా వేసి వచ్చింది, కొంగు దోపి, మేకుకున్న హెల్మెట్టు పెట్టుకుంది. పెళ్ళయిన ఏడాదే ఖాళీ స్థలంలో వెనక కూర్చుని నేర్పించాడు, క్లచ్చు మెల్లిగా, మెల్లిగా అంటే వినకుండా ఇద్దర్నీ పొదలోకి తీసుకెళ్ళిన మనిషి. బండి కదిలి, షెడ్డు దాటి, ఎడమకి వాలింది. కనుమరుగైంది. మందుల పెట్టె పట్టుకుని నర్సమ్మ, గుడ్డ పట్టుకుని అతను, ఇద్దరూ గుమ్మంలో నిలబడి విన్నారు. చప్పుడు సన్నగిల్లింది, రెండో మలుపు, బిగించానా, మూడుసార్లు చూశాను, చూశానా, వాషరు వేశానా, వేశాను, మూడో మలుపు, ఇప్పుడు ఆగితే వెనకాల ఏముందో, ఆ వీధిలో లారీలు నిలబెడతారు, ఆగకు, ఆగకు తల్లీ, తన కాళ్ళ కింద నేల గట్టిగానే ఉంది గానీ గుండె మాత్రం అవతలి వీధిలో ఉంది. చప్పుడు అటు నుంచి పెద్దదైంది, ఆవిడ గుమ్మం ముందుకొచ్చి ఆగకుండా మళ్ళీ ఎడమకి తిప్పుకుని వెళ్ళిపోయింది. మూడు చుట్లు తిరిగింది అలా. గతుకు కనపడితే కావాలని దాని మీద నుంచే పోనిచ్చిందట, తరవాత చెప్పింది.

"పన్నెండు మలుపులు. ఎక్కడా ఆగలేదు," అని దిగి తాళం నర్సమ్మకిచ్చింది. నర్సమ్మ పెట్టె కట్టుకుని, బండెక్కి, మేస్త్రి వైపు చూసి, "డాక్టరుకి చూపించుకోండన్నా," అని వెళ్ళిపోయింది. నవ్వలేదు, కానీ వెళ్తూ వెళ్తూ ఎడమకే తిప్పింది.

ఆవిడ హెల్మెట్టు తీయలేదు. "డాక్టరమ్మ ఆరింటిదాకా ఉంటుంది. కొట్టు కట్టేస్తున్నా," అంది. ఏ డాక్టరమ్మ అన్నాడు అతను, అడగకూడదని తెలిసి కూడా. "చొక్కా ఉతకబోతే జేబులో చీటీ దొరికింది, కోటు గుండీ ఒకటి దొరికింది. రెండు నెలలైంది."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని." తాళంచెవులు వెతుక్కుంటూ, అతని వైపు చూడకుండా అంది, "మంచం మీద చోటు ఊరికే మార్చుకున్నానా? నా వైపు తిరిగినప్పుడల్లా మీరు పరుపు పట్టుకుంటుంటే చూడలేక."

లోకంలో ఏ వైరు ఎక్కడ తెగిందో చెప్పగల మనిషికి, పక్కనే పడుకున్న మనిషి రెండు నెలలుగా ఏం చేస్తోందో తెలియలేదు. ఫ్యాను గాలి అనుకున్నాడు. సిగ్గేసింది, ఆ సిగ్గు కోటు గుండీ నాటి సిగ్గులాగా లేదు, ఇందులో దాక్కోవాలనిపించడం లేదు. ఆవిడ స్కూటరు స్టార్టు చేసి, వెనక సీటు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. ఎక్కి కూర్చున్నాడు, చేతులు ఎప్పటిలాగే తన మోకాళ్ళ మీద పెట్టుకుని, మొగాడు పట్టుకుని కూర్చోవడమేమిటన్నట్టు. వీధి చివర మలుపు వచ్చింది. ఆవిడ వేగం తగ్గించి, వెనక్కి తిరక్కుండా, అతని కుడి చెవికి వినపడేలా గట్టిగా చెప్పింది.

"ఎడమకి తిప్పుతున్నా. పట్టుకోండి."

కళ్ళు మూసుకుని, రెండు చేతులా ఆవిడ భుజాలు పట్టుకున్నాడు.